అయిదు అప్పులు, ఒక పట్టిక

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరం సంపాదిస్తున్నాం. అయినా ఇరవయ్యో తారీకు దాటితే ఖాతాలో ఏమీ మిగలదు, ఆ తరువాత అంతా కార్డు మీదే నడుస్తుంది. ఇంటి ఖర్చులు చూసేది నేనే. ఇప్పుడు మాకు అయిదు అప్పులున్నాయి. పెద్ద క్రెడిట్ కార్డు మీద 80,000 బాకీ ఉంది, నెలకు 3 శాతం వడ్డీ. చిన్న కార్డు మీద 25,000, నెలకు రెండున్నర శాతం. పర్సనల్ లోన్‌లో ఇంకా 2,00,000 మిగిలింది, ఏడాదికి 15 శాతం, నెల వాయిదా 7,000. వడ్డీ లేని వాయిదాల మీద కొన్న ఫోనుకు నెలకు 2,000 చొప్పున ఇంకా 12,000 కట్టాలి. మా అక్క దగ్గర తీసుకున్న చేబదులు 40,000. కార్డులకు కనీస మొత్తం, అంటే బాకీలో 5 శాతం, మాత్రమే కడుతున్నాను. ఖర్చులు రాసుకుందామని ఉచిత యాప్‌లు మూడు వేసుకున్నాను, మూడింటినీ మూడో వారంలోనే వదిలేశాను. నాకు లెక్కలు రావు, క్రమశిక్షణ అంతకన్నా లేదు అనిపిస్తోంది. గట్టిగా పట్టుబడితే అప్పులన్నిటికీ కలిపి నెలకు 18,000 తియ్యగలనేమో. ఏ యాప్ మంచిది? ఏ అప్పు ముందు తీర్చాలి? ఇంకొక్క మాట, చిన్న కార్డు సంగతి మావారికి తెలియదు.
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, లెక్కలు రావన్న మాటను ముందు తీసి పక్కన పెట్టండి. అప్పుల గురించి రాసేవారిలో చాలామంది "చాలా బాకీలున్నాయి, ఏం చెయ్యాలో తోచడం లేదు" అని ఆగిపోతారు. మీరు అయిదు బాకీలకూ అసలు, వడ్డీ, వాయిదా విడివిడిగా రాశారు. అవి కాగితం మీదికి వచ్చిన తరువాతే ఎవరైనా ఏమైనా చెప్పగలరు, ఆ కష్టమైన పని మీరే పూర్తి చేశారు.

మీ ఉత్తరంలో రెండు వాక్యాలు నన్ను ఆపాయి. డబ్బు ఇరవయ్యో తారీకుకు అయిపోతుందని ఒకచోట రాశారు, యాప్‌లను మూడో వారంలో వదిలేశానని మరోచోట రాశారు. ఈ రెండూ ఒకే రోజులు. నెల మొదట్లో ఖర్చు రాసుకోవడం బాగానే ఉంటుంది, మూడో వారానికి వచ్చేసరికి ఫోను తెరిస్తే చాలు, పరిమితి దాటిపోయిందని ఎర్రని గీతలు కనబడతాయి. అప్పటికి ఖర్చయిపోయింది, చెయ్యగలిగింది లేదు, అటువంటి కబురు రోజూ చెప్పే వస్తువును ఎవరైనా ఎంతకాలం తెరిచి చూస్తారు? మీరు వదిలేసింది క్రమశిక్షణ లేక కాదని నా నమ్మకం. ఆ యాప్‌లు జరిగిపోయినదాన్ని లెక్కగట్టి చూపించాయి, మీకు కావలసింది జరగబోయేదాన్ని ముందుగా చూపించే సాధనం. అందువల్ల ఏ యాప్ మంచిదన్న ప్రశ్నకు తరువాత వస్తాను, మొదట మీ చేతనే ఒక పట్టిక వేయిస్తాను.

దీనికి మామూలు స్ప్రెడ్‌షీట్, అంటే గడుల్లో అంకెలు వేస్తే లెక్క తానే కట్టే పట్టిక, చాలు. 2006 నుంచి ఉన్న గూగుల్ షీట్స్ ఫోనులోనూ కంప్యూటరులోనూ ఉచితంగా పనిచేస్తుంది. మీ లెక్కలు ఇంకొకరి సర్వరులో ఉండడం ఇష్టం లేకపోతే లిబ్రె ఆఫీస్ క్యాల్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో వేసుకోవచ్చు, దానికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. కొత్త షీటు తెరిచి అయిదు బాకీలకు అయిదు అడ్డు వరుసలు పెట్టండి. నిలువు వరుసలు ఆరు: ఎవరికి, ఎంత బాకీ, నెలకు ఎంత శాతం, ఈ నెల వడ్డీ, నెలకు కడుతున్నది, ఏ నెలకు తీరుతుంది. నాలుగో వరుసను మీరు నింపనక్కరలేదు, బాకీని శాతంతో గుణించమని ఒక్కసారి చెబితే షీటే నింపుతుంది. పెద్ద కార్డుకు 2,400, చిన్న కార్డుకు 625, పర్సనల్ లోన్‌కు 2,500 వస్తాయి, ఫోనుకూ అక్క చేబదులుకూ సున్నా. మొత్తం 5,525. మీరు ఇప్పుడు అన్నిటికీ కలిపి నెలకు కడుతున్నది 14,250, అందులో 5,525 ఈ ఒక్క నెల అప్పును మొయ్యడానికే పోతోంది. మొత్తం బాకీ 3,57,000 అన్న అంకె చూస్తే గుండె జారుతుంది, ఆ అంకెను రోజూ చూసుకోవలసిన అవసరం లేదు. నెల నెలా చూడవలసింది ఈ 5,525ని. ఇది తగ్గుతూ ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

ఆరో వరుసలో ఒక సూత్రం రాయాలి. స్ప్రెడ్‌షీట్లన్నిటిలోనూ ఎన్, పి, ఇ, ఆర్ అనే నాలుగక్షరాల సూత్రం ఒకటి ఉంటుంది, దాన్ని ఎన్‌పర్ అందాం. నెల వడ్డీ, నెల చెల్లింపు, ఇప్పటి బాకీ అనే మూడు అంకెలిస్తే, ఎన్ని నెలల్లో తీరుతుందో చెబుతుంది. చెల్లింపు మీ చేతి నుంచి పోయేది కాబట్టి దాని ముందు మైనస్ గుర్తు పెట్టాలి, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. పెద్ద కార్డుకు 0.03, మైనస్ 4,000, 80,000 అని ఇచ్చి చూడండి, 31 అని వస్తుంది. పర్సనల్ లోన్‌కు ఏడాది 15 శాతాన్ని పన్నెండుతో భాగించి, నెలకు 1.25 శాతం కాబట్టి 0.0125, మైనస్ 7,000, 2,00,000 అని ఇస్తే 35.6 వస్తుంది, అంటే 36వ వాయిదాతో ఆ అప్పు ముగుస్తుంది. ఆ తరువాత ఒక పరీక్ష చెయ్యండి. పెద్ద కార్డు వరుసలో 4,000 తీసి 2,400 వెయ్యండి. గడిలో అంకెకు బదులు లోపం గుర్తు కనబడుతుంది. సూత్రం చెడిపోయిందని కంగారు పడకండి. వడ్డీ అంతే కడుతూ ఉంటే ఆ అప్పు ఎన్నటికీ తీరదని షీటు చెబుతున్న తీరు అది. అంకెలు మార్చి మార్చి చూస్తూ అక్కడొక పావుగంట గడపండి. వంద పెంచితే ఎన్ని నెలలు తగ్గుతాయో, వెయ్యి పెంచితే ఎన్ని తగ్గుతాయో మీ కళ్లతో మీరు చూస్తే పట్టే నమ్మకం నేను రాస్తే పట్టదు.

కనీస చెల్లింపు గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీకు నష్టం ఎక్కువగా జరుగుతున్నది ఇక్కడే, అది కంటికి కనబడకుండా జరుగుతోంది. ఈ నెల 80,000 మీద 5 శాతం అంటే 4,000 కడతారు. బాకీ తగ్గిన కొద్దీ 5 శాతం కూడా తగ్గుతుంది కాబట్టి, రాబోయే నెలల్లో కార్డు కంపెనీ మిమ్మల్ని అడిగేది 4,000 కన్నా కొంచెం కొంచెంగా తక్కువవుతూ వస్తుంది. అది వెసులుబాటులా కనబడుతుంది. కానీ ప్రతి నెలా బాకీ మూడు శాతం పెరిగి, ఆ పెరిగినదానిలో అయిదు శాతం తగ్గుతుంటే, నికరంగా తగ్గేది రెండు శాతం పైచిలుకు మాత్రమే. కొత్తగా ఒక్క కొనుగోలు కూడా చెయ్యకుండా ఈ పద్ధతిలోనే అయిదేళ్లు కట్టినా, ఇంకా 21,700 దాకా మిగిలే ఉంటుంది. అదే కార్డుకు, అడిగినా అడగకపోయినా, ప్రతి నెలా తగ్గించకుండా 4,000 కడితే 31 నెలల్లో తీరిపోతుంది. మొదటి నెల రెండు దారుల్లోనూ మీరు కట్టేది ఒక్కటే. తేడా అంతా రెండో నెల నుంచి వస్తుంది. కాబట్టి ఈ ఉత్తరంలో మరేదీ పాటించకపోయినా, ఈ నెల కనీస మొత్తం ఎంతో అంతకు తగ్గకుండా ప్రతి నెలా కట్టాలన్న నియమం ఒక్కటి పెట్టుకోండి.

ఇటువంటి చోట అంచనా తప్పడం మీ ఒక్కరి లోపం కాదు. చక్రవడ్డీ పెరుగుదలను మనసులో ఊహించినప్పుడు మనుషులు అసలుకన్నా తక్కువగా అంచనా వేస్తారనీ, అలా ఎక్కువగా పొరబడేవారు ఎక్కువ అప్పు చేసి తక్కువ పొదుపు చేస్తారనీ విక్టర్ స్టాంగో, జొనాథన్ జిన్‌మన్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఆ ఊహించే పనిని ఎన్‌పర్‌కు అప్పగించండి.

ఇక ఏది ముందు తీర్చాలన్న ప్రశ్న. రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. అధిక వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చడాన్ని అవలాంచ్ అంటారు, చిన్న బాకీని ముందు తీర్చడాన్ని స్నోబాల్ అంటారు. దేనిలోనైనా, ఒక అప్పు తీరగానే దానికి కడుతున్న సొమ్మును ఖర్చుల్లో కలపకుండా తరువాతి అప్పుకు మళ్లించాలి. లెక్క ప్రకారం మొదటి పద్ధతిలోనే వడ్డీ తక్కువ, అందులో వాదన లేదు. అయితే ఎంత తక్కువ? మీ అంకెలతోనే వేసి చూశాను. మీరు చెప్పిన 18,000లో లోన్‌కు 7,000, ఫోనుకు 2,000 పోగా కార్డులకు 9,000 మిగులుతుంది, ఆరు నెలల తరువాత ఫోను తీరిపోయి అది 11,000 అవుతుంది. పెద్ద కార్డును ముందు పట్టుకుంటే రెండు కార్డులూ పదమూడో నెలలో తీరతాయి, మొత్తం వడ్డీ 22,700 అవుతుంది. చిన్న కార్డును ముందు పట్టుకుంటే కూడా రెండూ పదమూడో నెలలోనే తీరతాయి, వడ్డీ సుమారు 1,050 ఎక్కువ. అంతే తేడా. రెండు కార్డుల వడ్డీలు దగ్గర దగ్గరగా ఉండడం దీనికి కారణం. ఒకటి 3 శాతం, మరొకటి 1 శాతం అయి ఉంటే నేను ఇంకోలా చెప్పేదాన్ని.

అందుచేత మీరు చిన్న కార్డుతో మొదలుపెట్టండి. దానికి 1,250 కాకుండా 5,000 కడితే ఆరో నెలలో బాకీ సున్నా అవుతుంది, సరిగ్గా ఆ నెలలోనే ఫోను వాయిదాలూ ముగుస్తాయి. అయిదు వరుసలు మూడవుతాయి. పెద్ద కార్డుతో మొదలుపెడితే పన్నెండో నెల దాకా ఒక్క కార్డు కూడా తీరదు. మూడు వారాలకే చేతులెత్తేశానని బాధపడుతున్న మనిషికి ఆ ఆరు నెలల తేడా 1,050 కన్నా విలువైనదని నా అభిప్రాయం. దీనికి పరిశోధన బలం కూడా ఉంది. డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పుల పరిష్కార కార్యక్రమంలో చేరినవారి వివరాలు పరిశీలిస్తే, ఎంత మొత్తం తీర్చారన్నదానికన్నా మొత్తం అప్పు ఖాతాల్లో ఎన్నిటిని పూర్తిగా మూసేశారన్నదే, వారు చివరిదాకా నిలబడతారా లేదా అన్నదాన్ని ఎక్కువగా సూచించింది.

రెండు కార్డులూ తీరాక నెలకు 11,000 చేతిలో ఉంటుంది, దానితో పదిహేడో నెలకల్లా అక్క బాకీ తీరుతుంది. ఆ తరువాత మొత్తం 18,000 లోన్‌కే పోతే ఇరవై నాలుగో నెలలో అదీ ముగుస్తుంది. ముప్పై ఆరు నెలల లోన్ రెండేళ్లలోపే తీరుతుందన్న మాట. గడువుకు ముందే కడితే అదనపు రుసుము వసూలు చేసే లోన్లు కొన్ని ఉంటాయి, మీ ఒప్పంద పత్రంలో ఆ షరతు ఉందేమో ఇప్పుడే చూసుకోండి. కార్డు కంపెనీలు సాధారణంగా వడ్డీని రోజువారీ బాకీ మీద లెక్కిస్తాయి కాబట్టి స్టేట్‌మెంటులో నా అంకెలకు కొద్దిపాటి తేడా కనబడుతుంది. ఆ కారణం చేతనే గడువు తేదీ దాకా ఆగకుండా జీతం పడిన మర్నాడే కట్టెయ్యడం మీకు లాభం.

అక్కగారి విషయం పట్టికలో సున్నా వడ్డీగా కనబడుతుంది గనుక చివరికి జరుగుతూ పోయింది. పట్టికకు కనబడనిది మీకు తెలుసు. ఈ వారంలోనే ఆమెకు ఫోను చేసి, "అక్కా, పదమూడో నెల నుంచి మొదలుపెట్టి పదిహేడో నెలకల్లా పూర్తిగా ఇచ్చేస్తాను, ఈలోపు నీకు అవసరం పడితే ముందే చెప్పు, లెక్క మార్చుకుంటాను" అని నెల పేరుతో సహా చెప్పండి. చేబదులు ఇచ్చినవారిని బాధపెట్టేది ఆలస్యం కన్నా ఎక్కువగా, ఎప్పుడిస్తారో తెలియకపోవడం.

ఇంతా చెప్పాక అసలు చిక్కు మిగిలే ఉంది. ఇప్పుడు కడుతున్న 14,250కి, కడతానంటున్న 18,000కి మధ్య 3,750 ఎక్కడి నుంచి వస్తుంది? "పట్టుబడితే తియ్యగలనేమో" అన్నారు. ఆ "ఏమో"ను తీసెయ్యడానికే బడ్జెట్ కావాలి. ముందుగా బ్యాంకు ఖాతా, కార్డుల స్టేట్‌మెంట్లు పన్నెండు నెలలవి దింపుకోండి. చాలా బ్యాంకులు వాటిని స్ప్రెడ్‌షీటులో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా ఇస్తాయి. వాటిలో ఏడాదికోసారి, రెండుసార్లు వచ్చే ఖర్చులను ఏరండి: బీమా ప్రీమియం, చదువుల ఫీజులు, వాహనం మరమ్మతు, పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ అయినవి. వాటిని కూడి పన్నెండుతో భాగించండి. ఆ వచ్చిన మొత్తం ప్రతి నెలా మీకున్న ఖర్చే, ఈ నెల కనబడనంత మాత్రాన లేనట్టు కాదు. దాన్ని ప్రతి నెలా పక్కకు తియ్యకపోవడం వల్లే, ఏదో ఒక నెలలో "అనుకోని ఖర్చు" పేరుతో కార్డు బయటకు వస్తుంది. ఇంటి బడ్జెట్లు ఎక్కువగా విరిగేది ఇక్కడే. నా సొంత లెక్కలు కూడా చాలా ఏళ్లు ఇక్కడే విరిగాయి. ప్రతి ఏడూ తేదీతో సహా వచ్చే బీమా ప్రీమియాన్ని ప్రతి ఏడూ అనుకోనిదిగానే రాసుకునేదాన్ని.

మిగిలిన రోజువారీ ఖర్చులకు నెల బడ్జెట్ వెయ్యకండి, వారం బడ్జెట్ వెయ్యండి. జీతం పడిన రోజున అప్పుల 18,000, తప్పనిసరి బిల్లులు, పైన చెప్పిన ఏడాది ఖర్చుల నెలవంతు తీసేశాక మిగిలినదాన్ని అయిదు భాగాలు చేసి, నాలుగు వారాలకు నాలుగు, నెలాఖరులో మిగిలే రెండు మూడు రోజులకూ అటూ ఇటూ అయినదానికీ ఒకటి పెట్టుకోండి. సొమ్మును పద్దుకొక కవరులో పెట్టి, ఆ కవరు ఖాళీ అయితే ఆ ఖర్చు ఆపే పాత పద్ధతే ఇది, కవరు స్థానంలో షీటులో ఒక గడి ఉంటుంది. ఆ గడి చెప్పవలసింది "ఈ వారం ఇంత ఖర్చయింది" అని కాదు, "ఆదివారం దాకా ఇంకా ఇంత ఉంది" అని. ఇరవయ్యో తారీకున ఖాతా ఖాళీ కావడానికీ, బుధవారం నాడు వారం సొమ్ము సగానికి వచ్చిందని తెలియడానికీ మధ్య తేడా మీరు రెండు వారాల్లోనే గమనిస్తారు. బుధవారం నాడు ఇంకా చెయ్యగలిగింది ఉంటుంది.

రాయడం కష్టమైతే ఎంత మంచి పట్టికైనా నిలవదు, అందుకు ఒక చిన్న ఏర్పాటు చెబుతాను. గూగుల్ ఫామ్స్‌లో రెండే ప్రశ్నలున్న ఫారం తయారు చెయ్యండి. ఎంత అన్నది ఒకటి, ఏ పద్దు అన్నది రెండోది. రెండోదానికి జవాబు టైపు చెయ్యనక్కర లేకుండా ఆరేడు పద్దుల జాబితా ఇవ్వండి, అంతకు మించితే ఎంచుకోవడమే ఒక పని అవుతుంది. ఆ ఫారాన్ని మీ షీటుకు కలిపితే, నింపిన ప్రతిసారీ తేదీ, సమయంతో సహా ఒక కొత్త వరుస దానంతటదే చేరుతుంది. ఫారం లింకును ఫోను మొదటి తెర మీద పెట్టుకోండి. డబ్బు చెల్లించిన చోటు నుంచి కదలక ముందే అంకె కొట్టి, పద్దు తాకి, పంపెయ్యవచ్చు, పది సెకన్ల పని. షీటులో సమ్‌ఇఫ్ అనే సూత్రంతో ఏ పద్దుకు ఎంతయిందో విడివిడిగా కూడించుకోవచ్చు. ఒక రోజు రాయడం మరిచిపోతే వెనక్కి వెళ్లి వెతుక్కోవద్దు. ఖాతాలో ఉన్న నిల్వ చూసి, తేడాను "తెలియనిది" అన్న పద్దు కింద వేసి ముందుకు నడవండి. ఒకటి రెండు పద్దులు తప్పిపోయాయని మొత్తం వదిలేసేవారే ఎక్కువ.

మొదటి నెల అదనపు 3,750ను అప్పుకు కట్టకుండా విడిగా ఒక పొదుపు ఖాతాలో ఉంచండి. పథకం సుమారు ఒక నెల వెనక్కి జరుగుతుంది, జరగనివ్వండి. ఆ కొద్దిపాటి సొమ్ము కూడా లేకపోతే, మొదటి చిన్న అవసరానికే మళ్లీ కార్డు గీస్తారు. బాకీ మిగిలి ఉన్న కార్డు మీద కొత్తగా కొంటే, సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇరవయ్యో తారీకు తరువాత మీరు కార్డు మీద తెచ్చుకున్న ప్రతి వస్తువు ధరా స్టేట్‌మెంటు రాకముందే పెరగడం మొదలైంది. కాబట్టి రెండు కార్డులనూ ఫోనులోని కొనుగోలు యాప్‌లన్నిటిలోంచీ ఇవాళే తొలగించండి. కార్డు నంబరును ప్రతిసారీ చూసి కొట్టవలసి వస్తే చెయ్యి కొంత ఆగుతుంది.

యాప్ సంగతికి వస్తాను. షీటు మీకు సరిపోతే యాప్ అక్కరలేదు. అయినా కావాలనుకుంటే మూడు విషయాలు చూడండి. మొదటిది, మీ లెక్కలను ఫైలుగా బయటకు తీసుకోనిస్తుందా లేదా. మింట్ అనే ఉచిత బడ్జెట్ సాధనం 2007లో మొదలై, 2009లో ఇంట్యూట్ సంస్థ చేతికి వెళ్లి, లక్షలాదిమంది వాడుతుండగానే 2024లో మూతబడింది. ఉచితంగా వచ్చింది ఎప్పుడైనా ఆగిపోవచ్చు, మీ రెండేళ్ల లెక్కలు దానితోపాటు పోకూడదు. రెండోది, అది ఏయే అనుమతులు అడుగుతోంది. బడ్జెట్ లెక్కకు మీ ఫోనులోని పరిచయస్తుల నంబర్లతో గానీ, ఫొటోలతో గానీ పని లేదు. అవి అడిగే యాప్‌ను ఆ క్షణమే తీసెయ్యండి. బ్యాంకు పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వవద్దని వేరే చెప్పనక్కర లేదు. మూడోది, మీ అప్పులు చూసి కొత్త అప్పు ఇస్తానంటోందా. ఖర్చుల లెక్క పేరుతో వచ్చి నాలుగో రోజుకు "మీకు లోన్ మంజూరైంది" అని పలకరించేది బడ్జెట్ సాధనం కాదు, అది వడ్డీ వ్యాపారం. ఈ మూడు పరీక్షలకూ నిలిచేవాటిలో 1998 నుంచి ఉన్న గ్నూక్యాష్ అనే ఉచిత జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ ఒకటి. జమాఖర్చుల పద్ధతి నేర్చుకునే ఓపిక ఉన్నవారికి అది చాలా బలమైన సాధనం, మీకు ఇప్పుడే అంత అవసరం కనబడటం లేదు. కవరు పద్ధతి మీద నడిచే యాక్చువల్ బడ్జెట్ అనే సాధనం 2022 నుంచి ఓపెన్ సోర్సుగా, అంటే దాని కోడు ఎవరైనా చూసి వాడుకునేలా, దొరుకుతోంది, కొంచెం సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారు ఇంట్లో ఉంటే దాన్ని ఏర్పాటు చేసుకోవచ్చు.

గడువు తేదీలన్నిటినీ ఫోను క్యాలెండరులో మూడు రోజుల ముందు మోగేలా పెట్టండి, కార్డుల కనీస మొత్తాలకు ఆటోమేటిక్ చెల్లింపు పెట్టండి. అది ఆలస్య రుసుము పడకుండా ఉండడానికే, అసలు కట్టవలసినది మీరు జీతం పడిన మర్నాడు చేతితో కడతారు. కార్డు కంపెనీకి ఫోను చేసి వడ్డీ తగ్గించమని కూడా ఒకసారి అడగండి. కాదంటే పోయేదేమీ లేదు.

చివరగా మీవారి విషయం. చిన్న కార్డుతోనే మొదలుపెట్టమని చెప్పాను కదా, ఆరు నెలల్లో అది తీరిపోతుంది గనుక చెప్పకుండానే గడిపెయ్యవచ్చునన్న ఆలోచన మీకు రావచ్చు. దయచేసి అలా చెయ్యకండి. ఒక కార్డును దాచిన పట్టికలో మొత్తాలు తప్పుతాయి, తప్పు మొత్తాలున్న పట్టికను ఇద్దరూ కలిసి చూడలేరు, ఇద్దరూ చూడని పట్టిక భారం మళ్లీ మీ ఒక్కరి మీదే పడుతుంది. ఇప్పటిదాకా జరిగింది అదే. అలాగని ఇవాళ రాత్రే హఠాత్తుగా చెప్పమని కూడా అనడం లేదు. ముందు అయిదు వరుసలూ నింపండి, ఆరో నిలువు వరుసలో తీరే నెలలు రానివ్వండి. తీరిక ఉన్న ఒక పూట ఆయన పక్కన కూర్చుని షీటు తెరిచి, "ఈ రెండో వరుస మీకు చెప్పలేదు, చెప్పవలసింది. ఇన్నాళ్లూ భయపడ్డాను. ఇది ఆరో నెలకు తీరుతుంది, ఎలాగో చూపిస్తాను" అని చెప్పండి. ఆయనకు కోపం రావచ్చు, కొంతసేపు మాట్లాడకపోవచ్చు, వాదించకుండా ఆ సమయం ఆయనకు ఇవ్వండి. ఆ తరువాత షీటును ఆయన ఫోనుకు కూడా పంచి, ఖర్చుల ఫారాన్ని ఆయన తెర మీద కూడా పెట్టండి. ఇంట్లో ఇద్దరు ఖర్చు పెడుతుంటే ఒక్కరే రాసే లెక్క సగం లెక్కే.

పర్సనల్ లోన్ పత్రంలో ముందస్తు చెల్లింపు షరతు ఏమని ఉందో చూసి నాకు రాయండి. దాన్నిబట్టి అక్కగారి బాకీ తరువాత సొమ్మంతా లోన్‌కు మళ్లించాలా, లేక కొంత పొదుపులోకి పోవాలా అన్నది లెక్క వేసి చెబుతాను.